చక్రాలు తెరుచుకోకపోతే చావేనా?

2024 అక్టోబర్ 11 సాయంత్రం తిరుచిరాపల్లి నుంచి షార్జాకు బయలుదేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో, నేల విడిచిన కాసేపటికే చక్రాలను కదిపే హైడ్రాలిక్ వ్యవస్థలో లోపం బయటపడింది. ప్రయాణికులు 141 మంది. ఆ బోయింగ్ 737 రెండు గంటలకు పైగా తిరుచ్చి చుట్టుపక్కలే తిరిగి, ఇంధనం తగ్గించుకుని, రాత్రి ఎనిమిది దాటాక చక్రాల మీదే మామూలుగా దిగింది. ఆ రెండు గంటలూ మన టీవీ తెరల మీద ఏం నడిచిందో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గాల్లో చక్కర్లు, గుప్పిట్లో ప్రాణాలు, ఏ క్షణాన ఏమవుతుందోనన్న అరుపులు. విమానం దిగాక మాట మారింది. త్రుటిలో తప్పిన ముప్పు, దేవుడి దయ, హీరో పైలట్.

ఈ రెండు రకాల మాటల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. విమానం చక్రాలకు ఏదైనా అయిందంటే చావు ఎదురొచ్చినట్టే. ఎంత త్వరగా దించితే అంత మంచిది. బతికి బయటపడ్డారంటే అది అద్భుతం. చిన్న విమానమైతే ఇక ఆశ వదులుకోవాల్సిందే. చదువుకున్నవాళ్లు, నెలకు రెండుసార్లు విమానం ఎక్కేవాళ్లు కూడా ఇలాగే మాట్లాడతారు. "రెండు గంటలు తిప్పడమేంటండీ, జనం ప్రాణాలతో చెలగాటం కాకపోతే! వెంటనే దించెయ్యొచ్చు కదా" అన్న ప్రశ్న ఇలాంటి ప్రతి సంఘటనలోనూ వినిపిస్తుంది.

ఈ నమ్మకం తప్పు. ఉత్త తప్పే అయితే ఇంత రాయనక్కర్లేదు. ఇది మనుషుల్ని చంపగల తప్పు. చక్రాల లోపంతో మొదలై ప్రాణాలు తీసిన పేరుమోసిన ప్రమాదాలు తిరగేసి చూడండి. చక్రం చంపిన సందర్భం దొరకడం కష్టం. కంగారు చంపింది, పరధ్యానం చంపింది, తొందర చంపింది.

మన మనసులో ఉన్న బొమ్మ ఘాట్ రోడ్డు మీద బ్రేకులు ఫెయిలైన బస్సుది. ఆ బస్సుకు మిగిలేవి క్షణాలే. విమానం సంగతి వేరు. గాల్లో ఉన్నంతసేపూ దానికి చక్రాలతో పనే లేదు. రెక్కలు మోస్తాయి, ఇంజన్లు ముందుకు తోస్తాయి. చక్రాలు సరిగ్గా ఉన్నాయా లేదా అన్నది నేల తాకే ఆఖరి నిమిషంలోనే అక్కరకొచ్చే సంగతి. ఇంజన్‌కు మంట అంటుకున్నా, క్యాబిన్‌లో పొగ కమ్మినా నిమిషాల లెక్క. అప్పుడు వెంటనే దించమనడం న్యాయం. చక్రాల లోపానికి గడువు పెట్టేది ఒక్కటే, ట్యాంకులో ఉన్న ఇంధనం. ఇంత వ్యవధి ఇచ్చే ఎమర్జెన్సీ విమానయానంలో అరుదు. ఆ వ్యవధిని పూర్తిగా వాడుకోవడం పైలట్ విధి. మనం దాన్నే నేరమంటున్నాం.

ఆ వ్యవధిలో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎవరూ అలా అనరు. హైదరాబాద్ నుంచి కడపకో రాజమండ్రికో వెళ్లే ఏటీఆర్ విమానాన్నే తీసుకోండి. దిగేముందు పైలట్ గేర్ లీవర్ కిందికి దించుతాడు. మూడు పచ్చ దీపాలు వెలగాలి: ముక్కు చక్రానికి ఒకటి, కుడి ఎడమల ప్రధాన చక్రాలకు చెరొకటి. చక్రం పూర్తిగా దిగి లాకు పడిందనడానికి అదే సాక్ష్యం. ఒక దీపం వెలగలేదనుకుందాం. మొట్టమొదటి పని దిగడం మానుకోవడం. ఇంజన్ల శక్తి పెంచి, మళ్లీ పైకి లేచి, కొండలకూ టవర్లకూ అందనంత ఎత్తుకు చేరి, ఏటీసీ చూపించిన చోట నిదానంగా తిరగడం. అక్కడ ఇద్దరు పైలట్లు పని పంచుకుంటారు. ఒకరు విమానాన్ని నడుపుతారు, ఇంకేదీ పట్టించుకోరు. రెండోవారు చెక్‌లిస్ట్ తీసి, ఒక్కో అంశం పైకి చదువుతూ, ఒక్కోటీ చేస్తూ పోతారు.

తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న చాలా చిన్నది. దిగనిది చక్రమా, వెలగనిది బల్బా? చిన్న శిక్షణ విమానాల్లో అయితే పక్క దీపం బల్బు ఊడదీసి దీంట్లో పెట్టి చూస్తారు. కొన్ని పైపర్ విమానాల్లో ప్యానెల్ లైట్లు వేసి ఉంటే ఈ పచ్చ దీపాల వెలుగు తగ్గిపోతుంది. రాత్రి కళ్లకు గుచ్చుకోకుండా చేసిన ఏర్పాటు అది. పట్టపగలు మాత్రం మూడూ ఆరిపోయినట్టే కనబడతాయి. ఒక్క స్విచ్ ఆపితే తీరిపోయే సమస్యకు ఎమర్జెన్సీ ప్రకటించిన పైలట్లు లేకపోలేదు. తొందరపడి దిగేస్తే ఆ స్విచ్ గుర్తుకొచ్చేదెప్పుడు?

తప్పు చక్రానిదేనని తేలితే రెండో దారి సిద్ధంగా ఉంటుంది. చక్రాలు ముడుచుకునే ప్రతి ప్రయాణికుల విమానంలోనూ మామూలు పద్ధతి విఫలమైతే చక్రాలు దించే ఇంకో ఏర్పాటు ఉండాలన్నది నిబంధన. ఏటీఆర్‌లో ఒక హ్యాండిల్ లాగితే చక్రాలను పైన పట్టి ఉంచే లాకులు వీడతాయి, హైడ్రాలిక్ ఒత్తిడి లేకపోయినా చక్రాలు సొంత బరువుతో కిందికి జారతాయి. బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ లాంటి పది పన్నెండు సీట్ల విమానంలో పైలట్ సీటు పక్కన నేల మీద చేతి పంపు ఉంటుంది. పచ్చ దీపాలు వెలిగేదాకా దాన్ని కొడుతూనే ఉండాలి. కొన్ని విమానాల్లో నైట్రోజన్ సీసా ఉంటుంది; అందులోని ఒత్తిడి చక్రాలను కిందికి తోస్తుంది. దేనికైనా వేగం ఫలానా హద్దు దాటకూడదు, వరుస తప్పకూడదు. వీటికి సమయం పడుతుంది. పంపు కొడుతున్నవాడిని త్వరగా కానిమ్మని తొందరపెట్టడం వల్ల అతని చెయ్యి సగంలో ఆగుతుందే తప్ప లాకు త్వరగా పడదు.

టవర్ ముందునుంచి తక్కువ ఎత్తులో ఒకసారి ఎగిరి, కింది నుంచి చూసి చెప్పమని అడగడమూ ఉంది. టీవీ వాళ్లకు ఆ దృశ్యమంటే ఇష్టం. చక్రం బయటికొచ్చిందో లేదో అలా కనిపిస్తుంది గానీ లాకు పడిందో లేదో కింద నిలబడ్డవాడి బైనాక్యులర్‌కు తెలియదు. దాని విలువ అంతవరకే.

కంగారు ఎలా చంపుతుందో తెలుసుకోవాలంటే 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీకి వెళ్లాలి. ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 న్యూయార్క్ నుంచి వచ్చింది. లాక్‌హీడ్ ట్రైస్టార్, అప్పటికి సరికొత్త విమానం. ఎక్కినవాళ్లు 176 మంది. గేర్ దించితే ముక్కు చక్రం దీపం వెలగలేదు. కెప్టెన్ దిగడం మానుకుని 2,000 అడుగులకు లేచాడు, ఆటోపైలట్ వేశాడు. అంతవరకూ అంతా పద్ధతి ప్రకారమే. ఆ తర్వాత కాక్‌పిట్‌లో ఉన్న అందరి బుర్రలూ ఆ చిన్న దీపంలోకి వెళ్లిపోయాయి. కెప్టెన్, కో-పైలట్ ఆ బల్బు అమరికను ఊడదీసి మళ్లీ పెట్టడంలో మునిగిపోయారు. అది అడ్డంగా ఇరుక్కుంది. ఫ్లైట్ ఇంజనీర్ ముక్కు చక్రాన్ని కళ్లతో చూసి రావడానికి కాక్‌పిట్ కింద ఉన్న అరలోకి దిగాడు. కంపెనీ మెకానిక్ ఒకరు కాక్‌పిట్‌లోనే ప్రయాణిస్తున్నారు. ఆయనా అందులోనే పడ్డారు. ఈ హడావుడిలో ఎవరో కంట్రోల్ కాలమ్‌కు తగిలి, ఎత్తును పట్టి ఉంచే పని ఆటోపైలట్ వదిలేసింది. విమానం మెల్లగా, ఎవరికీ కుదుపు తెలియకుండా, చీకట్లో కిందికి జారింది. ఎత్తు తగ్గిందన్న హెచ్చరిక మోగింది, ఎవరి చెవికీ ఎక్కలేదు. రాడార్ తెర మీద 900 అడుగులు చూసిన కంట్రోలర్ పని ఎలా సాగుతోందని మాత్రమే అడిగాడు. కొద్ది క్షణాల్లో ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలోకి విమానం దూసుకుపోయింది. 101 మంది చనిపోయారు.

శిథిలాల్లో చూస్తే ముక్కు చక్రం దిగే ఉంది, లాకు పడే ఉంది. దీపంలో బల్బులు మాడిపోయాయి, అంతే. విమానంలో ఎగరడానికి పనికిరాని భాగం ఒక్కటీ లేదు. చక్రం దిగలేదనే అనుమానంతోనే నేరుగా దిగేసినా వాళ్లంతా ఇంటికి చేరేవాళ్లే కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్న అది కాదు. విమానాన్ని ఎవరు నడుపుతున్నారన్నదే అసలు ప్రశ్న. పైకి లేవడం వాళ్లను చంపలేదు. నలుగురూ ఒకే బల్బును పట్టుకున్నారు గనక, నడిపేవాడు లేడు గనక చచ్చిపోయారు.

ఇక్కడ ఇంకో బలమైన అభ్యంతరం వస్తుంది. "తీరిక ఉంది, తిరగండి అంటున్నారు. ఆ తిరగడమే చంపిన సందర్భం లేదా?" ఉంది. దాన్ని దాటవేసి ఈ వాదన చేయడం న్యాయం కాదు. 1978 డిసెంబర్ 28న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173, 189 మందితో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో దిగబోతోంది. గేర్ దించగానే పెద్ద చప్పుడు, కుదుపు. కుడి ప్రధాన చక్రాన్ని కదిపే పిస్టన్ కడ్డీ తుప్పు పట్టి తెగింది, చక్రం దబ్బున పడిపోయింది. పచ్చ దీపం స్విచ్ ఆ దెబ్బకు పాడైంది. కెప్టెన్ సుమారు గంటసేపు తిరిగాడు. చెక్‌లిస్ట్ చేశాడు, కంపెనీ ఇంజనీర్లతో మాట్లాడాడు, ప్రయాణికులను సిద్ధం చేయించాడు. ఎంత శ్రద్ధ అంటే ఇంధనం అయిపోతోందని ఫ్లైట్ ఇంజనీర్, కో-పైలట్ మెత్తగా అన్న మాటలు ఆయన మనసుకు పట్టలేదు. నాలుగు ఇంజన్లూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. విమానాశ్రయానికి కొద్ది మైళ్ల దూరంలో, చెట్ల మధ్య విమానం పడింది. పది మంది చనిపోయారు. ట్యాంకులు ఖాళీ గనక మంట లేదు.

పోర్ట్‌లాండ్ నా వాదనకు విరుద్ధమని అనేవాళ్లు ఆ ప్రమాదాన్ని సగమే చదివారు. అక్కడా కుడి చక్రం దిగే ఉంది. అక్కడా చంపింది చక్రం కాదు. ఉన్న ఒక్క గడియారం ఇంధనం; దాన్ని ఎవరూ గట్టిగా చదివి వినిపించలేదు. దీని నుంచి విమానయానం నేర్చుకున్న పాఠం త్వరగా దిగమనేది కాదు. ఫలానా కిలోల ఇంధనం మిగిలేసరికి చక్రం దిగినా దిగకపోయినా నేల మీద ఉంటామని ముందే గీత గీసుకోమంటుంది ఆ పాఠం. కింది ఉద్యోగి పైవాడితో నసగకుండా, సూటిగా, గట్టిగా చెప్పాలంటుంది, పైవాడు వినాలంటుంది. మరుసటి ఏడాది నాసా నడిపిన వర్క్‌షాప్ నుంచి, 1981లో యునైటెడ్ మొదలుపెట్టిన శిక్షణ నుంచి క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ పుట్టింది. ఇవాళ ప్రపంచంలో ఏ ఎయిర్‌లైన్ పైలట్‌కైనా అది తప్పనిసరి చదువు. "అయ్యా" అంటూ చేతులు కట్టుకుని నిలబడే అలవాటు బలంగా ఉన్న మన దేశంలో అది మరీ అవసరమైన చదువని నా నమ్మకం.

నిజమైన తొందర ఎలా ఉంటుందో 2020 మే 22న కరాచీలో చూశాం. లాహోర్ నుంచి వచ్చిన పాకిస్తాన్ ఇంటర్నేషనల్ 8303 మరీ ఎత్తులో, మరీ వేగంగా రన్‌వే వైపు దూకింది. ముందు దించిన చక్రాలను మళ్లీ ముడిచారు. మోగిన హెచ్చరికలను పట్టించుకోలేదు. ఇంజన్లు రన్‌వేకు రాసుకుంటూ నిప్పులు చిమ్మాయి. అప్పుడు మళ్లీ పైకి లేచారు. దెబ్బతిన్న ఇంజన్లు రెండూ కాసేపటికి ఆగిపోవడంతో విమానం ఇళ్ల మీద కూలింది. 99 మందిలో ఇద్దరే మిగిలారు. చక్రాల్లో ఏ లోపమూ లేని ఎయిర్‌బస్ అది. ఒకసారి పొట్ట నేలను తాకాక మళ్లీ లేవడానికి ప్రయత్నించకూడదని అంతకన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ లేదు.

చిన్న విమానం గురించి జనానికున్న భయం అన్నిటికన్నా బలహీనమైనది. చిన్నది కావడం ఇక్కడ లాభం. కింగ్ ఎయిర్ లాంటిది గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో దిగుతుంది, బోయింగ్ 737 సుమారు 260తో. తాకిడి శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనక, కిలోకు లెక్కేస్తే చిన్న విమానం అందులో దాదాపు సగమే మోసుకొస్తుంది. ఆగడానికి తక్కువ దూరం చాలు. 2024 మే 13న ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ నుంచి పోర్ట్ మెక్వారీకి బయలుదేరిన కింగ్ ఎయిర్‌కు చక్రాలు దిగలేదు. పైలట్ ఒక్కడే, ప్రయాణికులు ఇద్దరు. పంచుకోవడానికి రెండో పైలట్ లేడు. ఆయన మూడు గంటలకు పైగా తిరిగి, ఇంధనం తగ్గించుకుని, అదే విమానాశ్రయంలో పొట్ట మీద దించాడు. విమానం రన్‌వే మీద జారి ఆగింది. ముగ్గురికీ గాయం లేదు. ఆ మూడు గంటల్లో కింద ఫైరింజన్లు వచ్చాయి, అంబులెన్సులు వచ్చాయి, మిగతా విమానాలు తప్పుకున్నాయి. పైన పైలట్ మనసు కుదుటపడింది. వెంటనే దించి ఉంటే ఇవేవీ ఉండేవి కావు. నిండు ట్యాంకులు ఉండేవి. చిన్న విమానాల్లో, 737లో కూడా, ఇంధనాన్ని గాల్లో పారబోసే ఏర్పాటు ఉండదు. తిరిగి తిరిగి కాల్చడమొక్కటే మార్గం.

మన దగ్గరా జరిగింది. 2021 మే 6న ఒక రోగితో నాగ్‌పూర్ నుంచి లేచిన బీచ్‌క్రాఫ్ట్ ఎయిర్ అంబులెన్స్ నుంచి ఒక చక్రం ఊడి పడిపోయింది. ముంబైలో ఫుల్ ఎమర్జెన్సీ ప్రకటించి, పొట్ట మీద దించారు. రోగితో సహా అందరూ క్షేమం. పెద్ద విమానాశ్రయం, పొడవైన రన్‌వే, పూర్తి స్థాయి అగ్నిమాపక దళం ఉన్న చోటు ఎంచుకోవడమూ ఆ వ్యవధి ఇచ్చిన వరమే. అన్నట్టు, రన్‌వే మీద నురగ పరవలేదేమని అడిగేవాళ్లకు ఒక మాట. ముంబైలో పరిచారు గానీ, దాన్ని సిఫార్సు చేయడం అమెరికా విమానయాన శాఖ 1980లలోనే మానేసింది. నురగ పరవడానికి సమయం పడుతుంది, బ్రేకులు జారతాయి, అసలు మంట వస్తే కావాల్సిన నురగ అప్పటికే నేలపాలవుతుంది.

ప్రొపెల్లర్ విమానాల్లో నిజంగా పట్టించుకోవాల్సిన ముప్పు ఒకటుంది, దాని గురించి మన వార్తల్లో ఒక్క ముక్క రాదు. 2007 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన డాష్ 8 క్యూ400 విమానాలు మూడు వరసగా దెబ్బతిన్నాయి. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్, లిథువేనియాలోని విల్నియస్, మళ్లీ డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్. ప్రాణ నష్టం లేదు. ఈ విమానంలో ప్రధాన చక్రాలు ఇంజన్ల కిందే ఉంటాయి. ఒకవైపు చక్రం కుప్పకూలితే ఆ రెక్క వాలి, తిరిగే ప్రొపెల్లర్ నేలను కొట్టుకుంటుంది. ప్రొపెల్లర్ రెక్క ముక్కలై ఎగురుతుంది. ఆల్‌బోర్గ్‌లో ఒక ముక్క క్యాబిన్‌లోకి దూసుకొచ్చింది. అక్కడ కూర్చోవాల్సినవాళ్లను అంతకుముందే వేరే సీట్లకు మార్చారు. 2014 నవంబర్‌లో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఇలాంటి విమానమే కుడి చక్రం కూలి వాలినప్పుడు ప్రొపెల్లర్ ముక్క లోపలికొచ్చి కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికురాలిని గాయపరిచింది. మనుషుల్ని ఒక వరస నుంచి ఇంకో వరసకు మార్చడం, వదులుగా ఉన్న సామాన్లు కట్టడం, తల వంచి ఎలా కూర్చోవాలో చూపించడం, పక్కన ఎవరు తలుపు తెరవాలో చెప్పడం. ఇవన్నీ ఆ "చక్కర్ల" లోపలే జరుగుతాయి. ఎయిర్‌హోస్టెస్ చేసే ఆ పని ప్రాణాలు నిలబెడుతుంది, దాన్ని గాల్లో ఊరికే తిరగడం అనకండి.

కొందరు పైలట్లలోనూ ఒక దురలవాటు ఉంది. విమానం పాడవకుండా చూడాలని, ఇంజన్లు బాగు చేయించే ఖర్చు తప్పించాలని, నేలకు దగ్గర్లో గాల్లోనే ఇంజన్లన్నీ ఆపి ప్రొపెల్లర్‌ను అడ్డంగా నిలిపే ప్రయత్నం చేస్తారు. చెక్‌లిస్ట్ ఫలానా వైపు ఇంజన్ ఆపమంటే ఆపాలి. సొంతంగా చేసే సాహసం మాత్రం దిగలేకపోతే మళ్లీ లేచే అవకాశాన్ని పోగొడుతుంది. గేర్ రాదని ఖాయమైన క్షణం నుంచి ఆ విమానం బీమా కంపెనీది, లోపలున్న మనుషులే పైలట్ బాధ్యత అని పాతకాపులు చెప్పే మాట అక్షరాలా నిజం.

ఇక "మరి మువాన్?" అనే ప్రశ్న. 2024 డిసెంబర్ 29న దక్షిణ కొరియాలో జేజూ ఎయిర్ 737 చక్రాలు లేకుండా పొట్ట మీద దిగింది. 181 మందిలో 179 మంది చనిపోయారు. చక్రాలు లేకపోతే చావే అనడానికి దీన్నే చూపిస్తున్నారు. ఆ వీడియో చూడండి, చూడగలిగితే. పక్షులు తగిలి ఇంజన్లు దెబ్బతిన్న విమానం అది. మేడే పిలుపుకీ నేల తాకడానికీ మధ్య సుమారు నాలుగు నిమిషాలే. రన్‌వే మీద చాలా దూరం దాటాక నేల తాకింది. జారుతున్నంతసేపూ విమానం ఒక్క ముక్కగానే ఉంది. రన్‌వే దాటి, దిశ చూపే యాంటెనాల కోసం కట్టిన కాంక్రీటు దిబ్బను గుద్దుకున్నాకే పేలిపోయింది. మువాన్ మృతుల తరఫున అడగాల్సిన ప్రశ్న ఆ దిబ్బ అక్కడెందుకుందన్నది. చక్రాల మీదికి నెపం నెట్టేస్తే ఆ ప్రశ్న అడిగేవాళ్లుండరు.

అందుకే "అద్భుతం" అనే నమ్మకంతో నాకు ఇంత పేచీ. 2011 నవంబర్ 1న న్యూఆర్క్ నుంచి వచ్చిన పోలిష్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 767ను కెప్టెన్ తదేవుష్ వ్రోనా వార్సాలో 231 మందితో పొట్ట మీద దించారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. దేశం ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. దించిన తీరు నిజంగా గొప్పది, అందులో సందేహం లేదు. విచారణలో ఇంకో సంగతి తేలింది. హైడ్రాలిక్ ద్రవం కారిపోయాక చక్రాలు దించే రెండో ఏర్పాటుకు కరెంటు ఇచ్చే సర్క్యూట్ బ్రేకర్ ఒకటి బయటికి వచ్చి ఉంది. కాక్‌పిట్‌లో కింది వైపు, కంటికి ఆనని చోట. దాన్ని లోపలికి నొక్కితే చక్రాలు దిగేవి. విమానాన్ని రన్‌వే మీంచి పైకెత్తి, బ్రేకర్ నొక్కి చూస్తే దిగాయి కూడా. హీరో పైలట్ కథ దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ బ్రేకర్ సంగతి ప్రపంచానికి తెలిసేదే కాదు. మరో విమానంలో, మరో సిబ్బందికి అదే బ్రేకర్ ఎదురయ్యేది. క్యూ400ల విషయంలోనూ అంతే. మొదటి రెండు ప్రమాదాల వెనక చక్రాన్ని లాగే కడ్డీ మరల్లో పట్టిన తుప్పుంది. మూడోదాని వెనక హైడ్రాలిక్ వ్యవస్థలో ఉండకూడని చోట ఇరుక్కున్న ఒక రబ్బరు ఓ-రింగ్ ఉంది. తుప్పును చూడాల్సినవాడు ఒకడుంటాడు, చూశానని సంతకం పెట్టినవాడు ఒకడుంటాడు. దేవుడు కాపాడాడని దండం పెట్టి ఇంటికెళ్లిపోతే ఆ సంతకాన్ని ఎవరూ అడగరు.

ప్రయాణికులుగా మనం చేయాల్సిందీ ఉంది, చేయకూడనిదీ ఉంది. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్లిన ఎమిరేట్స్ విమానం దుబాయ్‌లో మళ్లీ లేవబోయి, చక్రాలు ముడుచుకుంటుండగా రన్‌వే మీద పడింది. 300 మందీ బయటపడ్డారు. మంటలార్పడానికి వచ్చిన ఒక ఫైర్‌మన్ చనిపోయాడు. పొగ కమ్ముకుంటున్న క్యాబిన్‌లో పైన అర తెరిచి సంచులు దించుకుంటున్నవాళ్ల వీడియో అందరం చూశాం. సగం తలుపులు మూసుకుపోయినా 90 సెకన్లలో విమానం ఖాళీ అవుతుందని కంపెనీ నిరూపించాకే ఆ రకం విమానానికి అనుమతి ఇస్తారు. ఆ లెక్కలో సూట్‌కేసులు లేవు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కష్టపడి కొన్న సామాను మీద మమకారం నాకు అర్థమవుతుంది. వెనక నిలబడ్డ పిల్ల ఊపిరి దానికన్నా విలువైనది.

అంతకు పదకొండేళ్ల ముందు, 2005 సెప్టెంబర్ 21న జెట్‌బ్లూ 292 ప్రయాణికులు ఇంకో పరీక్ష ఎదుర్కొన్నారు. ముక్కు చక్రం 90 డిగ్రీలు అడ్డం తిరిగి ఉంది. ఎయిర్‌బస్ ఏ320 సుమారు మూడు గంటలు లాస్ ఏంజెలిస్ మీద తిరిగింది. సీట్ల వెనక ఉన్న టీవీల్లో వాళ్ల విమానం గురించి, వాళ్లు ఎలా చచ్చిపోవచ్చో గురించి వ్యాఖ్యాతలు మాట్లాడుతుంటే వాళ్లే చూశారు. విమానం రన్‌వే మధ్యగీత మీదే, ముక్కు దగ్గర నిప్పురవ్వలు చిమ్ముతూ ఆగింది. 146 మందిలో ఒక్కరికీ గాయం కాలేదు. ఆ మూడు గంటల్లో వాళ్లను బాధపెట్టింది పైలట్లు కాదు, తెర మీద మాట్లాడినవాళ్లు.

మన న్యూస్‌రూముల్లో పనిచేసే మిత్రులకు నా విన్నపం ఇది. ఈసారి ఒక విమానం చక్రాల లోపంతో హైదరాబాద్ మీదో విశాఖ మీదో తిరుగుతుంటే, లోపలున్నవాళ్ల తల్లిదండ్రులు మీ తెరనే చూస్తుంటారని గుర్తుంచుకోండి. పైలట్ ఇంధనం తగ్గించుకుంటున్నాడని, చెక్‌లిస్ట్ చేస్తున్నాడని, ఇది ముందే రాసిపెట్టుకున్న పద్ధతని చెప్పండి. దిగాక పూలదండతో ఆపేయకండి. ఏ భాగం విరిగింది, దాన్ని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఎవరు సంతకం పెట్టారు అని అడగండి. తీవ్రమైన సంఘటనల మీద మన దేశపు విచారణ సంస్థ ఏఏఐబీ నివేదికలు తయారుచేసి బయట పెడుతుంది. అది వచ్చేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. ఆ రోజున దాన్ని చదివి, అదీ మొదటి పేజీలో వేయండి.